తిరుగుదారి పాట

జగ్గయ్యపేటలో ఒక రేకుల ఇంట్లో, మంచం కింద ఇనప్పెట్టెలో, పాత ఎర్రకోటు మడతల మధ్య ఐదు ముక్కలుగా పడుకుని ఉన్నాను. నోట్లో పెట్టుకునే ముక్క ఒకటి, దాని కింద పొట్టి పీపాలాంటిది ఒకటి, పై గొట్టం, కింది గొట్టం, చివర ఉమ్మెత్తపువ్వులా విచ్చుకున్న మూతి. ఐదూ బిగిస్తే క్లారినెట్. మేళంలో అందరూ క్లార్నెట్టు అనేవాళ్ళు. వాళ్ళ నోళ్ళలో నలిగిన ఆ పేరే నాకిష్టం.

నా ఒళ్ళు ఆఫ్రికా నల్లకర్ర. టాంజానియా, మొజాంబిక్ వైపు పెరిగే చెట్టు అది. నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువు. దాన్ని యూరప్‌లో గొట్టంగా తొలిచి, కీలు బిగించి, పటాలానికి అమ్మారు. మొదట ఊపిరి పోసుకున్నది నైజాం సైన్యపు బ్యాండులో. అక్కడ నా పని నడిచే కాళ్ళకి లెక్క చెప్పడం. కాగితం మీద చుక్క ఎక్కడుంటే అక్కడ పలకాలి, ఎంతసేపుంటే అంతసేపే పలకాలి. పలికాను. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు చేరాక ఆ పటాలాలు చెదిరిపోయాయి. సికిందరాబాదులో పాత సామాన్ల అంగట్లో, సొట్టలు పడిన బాకాల పక్కన కొన్నాళ్ళు పడున్నాను. మిరపకాయల లారీ మీద వచ్చిన జగ్గయ్యపేట మనిషి ఒకాయన నన్ను అరవై రూపాయలకి బేరమాడి, తలగుడ్డలో చుట్టుకుని, ఖాళీ లారీ మీద బెజవాడ రోడ్డున ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆయన్ని పెద్దాయన అంటాను. సన్నాయి ఇంట పుట్టినవాడు. వచ్చిన రోజే నన్ను సన్నాయిలా ఊదబోయాడు. సన్నాయిలో గాలి బిగిస్తే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. నా సంగతి వేరు. మంద్ర షడ్జం పట్టుకుని వెనక కీ నొక్కితే మధ్య షడ్జం రావాలని ఆయన లెక్క. మధ్య పంచమం వచ్చింది. బెదిరిపోయి నన్ను కళ్ళ ముందుకి తెచ్చుకుని చూశాడు. గొట్టం లోపల చివరిదాకా ఒకే లావుంటే, ఒక కొన మూసి ఒక కొన తెరిచి ఉంటే, గాలి అలాగే దూకుతుంది. ఇది ఆయనకెవరూ చెప్పలేదు. నాలుగు నెలలు మునేరు ఇసకలో కూర్చుని వేళ్ళతోనే కనిపెట్టాడు. రీడు మెత్తబడితే అర్ధరూపాయి బిళ్ళని దాని కొసన ఆనించి, బిళ్ళ దాటి పైకొచ్చిన అంచుని అగ్గిపుల్లతో కాల్చేవాడు. ఆ కమురు వాసన, తర్వాత ఆయన నాలుక తడి. నాకు తెల్లారడమంటే అదే.

మా మేళంలో మూడు రకాల మనుషులుండేవాళ్ళు. ట్రంపెట్ తాతయ్య పటాలంలో పని చేసొచ్చినవాడు, చుక్కల కాగితం చదివేవాడు. పెద్దాయనకి కాగితం రాదు, రాగం వచ్చు. సైడు డ్రమ్ము బాబాయికి రెండూ రావు. పల్లెలో డప్పు మీద పెరిగిన చెయ్యి ఆయనది. ఊళ్ళో ఈ ముగ్గురూ ఒక బావిలో నీళ్ళు తోడుకునే రోజులు కావు అవి. ఎర్రకోటు తొడుక్కుంటే మాత్రం ఒకే ఎడ్లబండిలో పక్కపక్కన కూర్చునేవాళ్ళు. నా జీవితంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ బండిలోనే ఉంది. ఇలాంటి బండి ఇంకోటి ప్రపంచానికి అవతల ఒక రేవు పట్నంలో అరవై ఏళ్ళ ముందే నడిచిందని నాకు నందిగామలో తెలిసింది.

1950లలో నందిగామలో ఒక పెళ్ళి. అర్ధరాత్రి ఊరేగింపు. 'అల్బేలా' అనే 1951 నాటి హిందీ సినిమా పాట ఎత్తుకున్నాం. ఎక్కడ చూసినా ఆ పాటలే అప్పుడు. రోడ్డు వారన అరుగు మీద నుంచి ఒక మాస్టారు దిగొచ్చి, లాంతర్ల వెలుగులో మాతో పాటు నాలుగిళ్ళు నడిచాడు. బడిలో సైన్సు చెప్పే ఆయన. పాట ఆగగానే పెద్దాయన్ని అడిగాడు.

"ఆ మధ్యలో ముక్క ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"సినిమాలో విన్నానండి."

"అది సినిమాలో పుట్టింది కాదయ్యా. రేపు రాత్రి మా ఇంటికి రా, వినిపిస్తా. దాన్ని కూడా తీసుకురా."

దాన్ని అంటే నన్ను. మర్నాడు వెళ్ళాం. పెద్దాయన అరుగు కిందే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళి ఇళ్ళలో మేళం వాళ్ళకి ఆఖరి బంతి, అదీ పందిరి అవతల. ఆ అలవాటు కాళ్ళకుంటుంది. మాస్టారు రేడియో ముల్లు తిప్పుతూ, "పైకి రావయ్యా, కింద నుంచుంటే షార్ట్‌వేవ్ వినపడదు" అన్నాడు. పెద్దాయన పైకొచ్చాడు. నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు. సముద్రపు హోరులాంటి చప్పుడులోంచి నింపాదిగా, బరువైన గొంతుతో ఒకతను ఇంగ్లీషులో ఒక్కో మాటా విడదీసి పలికాడు. విల్లిస్ కానోవర్. వాయిస్ ఆఫ్ అమెరికాలో 1955లో మొదలైన ఆయన జాజ్ కార్యక్రమాన్ని పరాయి దేశాల్లో లక్షలమంది వినేవాళ్ళు. ఆ రేడియో సొంత దేశంలో వినిపించడానికి అప్పటి చట్టం ఒప్పుకునేది కాదు గనక అక్కడ ఆయన పేరే చాలామందికి తెలిసేది కాదు. ఆరోజు వేసిన రికార్డులో మొదట పలికింది నా జాతే. పెద్దాయన బొటనవేలు నా వెనక కీ మీద దానంతట అది కదిలింది.

ఆ తర్వాత నందిగామలో మేళం ఉన్న ప్రతిసారీ ఆ అరుగు మీదికి వెళ్ళాం, ఏళ్ళ తరబడి. మాస్టారు విన్నదీ చదివిందీ చెప్పేవాడు. పెద్దాయన నాలో ఊది సరిచూసేవాడు.

అమెరికా దక్షిణాన మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో న్యూ ఆర్లీన్స్ అని పట్నం. ఫ్రెంచివాళ్ళు కట్టింది, కొన్నాళ్ళు స్పెయిన్ ఏలింది, 1803లో అమెరికా కొనుక్కుంది. ఆఫ్రికా పడమటి తీరాల నుంచి ఎత్తుకొచ్చి అమ్మిన బానిసలు అక్కడ వేలల్లో ఉండేవాళ్ళు. సౌత్ కరోలినాలో 1739లో బానిసలు డప్పు కొడుతూ తిరగబడితే, మరుసటి ఏడే వాళ్ళ చేతికి డప్పు దొరకకుండా చట్టం చేశారు. ఈ మాట చెప్పినప్పుడు డ్రమ్ము బాబాయి కూడా అరుగు మీదే ఉన్నాడు. తన పుల్లలు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. న్యూ ఆర్లీన్స్‌లో మాత్రం ఆదివారం పూట ఒక ఖాళీ స్థలంలో చేరి వాయించుకోనిచ్చేవాళ్ళు. కాంగో స్క్వేర్ దాని పేరు. 1817లో ఇంకెక్కడా గుమిగూడకూడదని హుకుం వేశాక అదొక్కటే చోటు మిగిలింది. ఆ ఆదివారాల వల్లే చేతుల్లో లయ చావకుండా బతికింది.

బానిసత్వం పోయాక పటాలాల బ్యాండు వాయిద్యాలు ఆ పట్నంలో చవగ్గా దొరికేవని చెబుతారు. కార్నెట్, ట్రాంబోన్, క్లారినెట్, పెద్ద డ్రమ్ము. నా సికిందరాబాదు అంగడి గుర్తొచ్చింది నాకు. కొన్నవాళ్ళు రెండు రకాలు. ఫ్రెంచి నెత్తురు కలిసిన క్రియోల్ కుటుంబాలు ఒకవైపు. వాళ్ళు గురువుల దగ్గర కూర్చుని చుక్కలు చదివి నేర్చుకున్నవాళ్ళు. లొరెంజో టియో అనే ఆయన ఇంట్లో తరాలుగా క్లారినెట్ పాఠాలే. రెండోవైపు, పొలాల నుంచి వచ్చిన నల్లవాళ్ళు. చర్చిపాట, కూలిపాట, చెవి, ఇవే వాళ్ళ చదువు. క్రియోల్ వాళ్ళు తాము వేరనుకునేవాళ్ళు. 1892లో హోమర్ ప్లెస్సీ అనే క్రియోల్, తెల్లవాళ్ళ రైలుపెట్టెలో కూర్చున్నందుకు అరెస్టయ్యాడు. 1896లో వాళ్ళ సుప్రీంకోర్టు, పెట్టెలు వేరుగా ఉండొచ్చని తీర్పు చెప్పింది. అలాంటి చట్టాల కింద ఒక్క చుక్క నల్ల నెత్తురున్నా నల్లవాడే. చదివి వాయించేవాళ్ళూ, విని వాయించేవాళ్ళూ ఒకే వీధిలోకి, ఒకే బ్యాండులోకి వచ్చిపడ్డారు. జాజ్ అక్కడ పుట్టింది.

మాస్టారు ఇది చెప్పిన రాత్రి పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ట్రంపెట్ తాతయ్య, డ్రమ్ము బాబాయి, తను, ఎడ్లబండి. ఆయన తలుచుకుంటున్నదేమిటో వేళ్ళ బిగువులో నాకు తెలిసింది.

ఇంతకీ ఆ వాయింపులో ఏముంది? ఒకటి, దెబ్బ పడాల్సిన చోట పడదు. కాస్త ముందో, కాస్త వెనకో పడుతుంది. మనవాళ్ళు అతీతం, అనాగతం అంటారే, ఆ దారి. పటాలం ఒకటి, మూడు లెక్కల మీద కాలు వేస్తే, వీళ్ళు రెండు, నాలుగు మీద చప్పట్లు చరుస్తారు. రెండోది, ఒక లెక్కలో రెండు స్వరాలుంటే సమంగా పంచరు. మూడు భాగాలు చేసి రెండు మొదటిదానికి, ఒకటి రెండోదానికి ఇచ్చినట్టు ఊగుతుంది. సరిగ్గా అంతే అని కాదు, మనిషిని బట్టి మారుతుంది. స్వింగ్ అనేది ఆ ఊపునే. డ్రమ్ము బాబాయికి ఇది చెప్పాల్సిన అవసరమే రాలేదు. రేడియో విని, అరుగు అంచు మీద రెండు గోళ్ళతో మూడోసారికే పట్టేశాడు.

మూడోది నాకు ప్రాణం. వాళ్ళ బ్లూస్ పాటలో గాంధారం సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు. రెంటికీ మధ్య ఎక్కడో మూలుగుతుంది. హార్మోనియంలో ఆ చోటు లేదు, పియానోలో లేదు. నాలో ఉంది. నాది ఆల్బర్ట్ పద్ధతి. యూజీన్ ఆల్బర్ట్ అనే బ్రస్సెల్స్ పనివాడి పేరు మీద వచ్చిన పాత తరహా. కొత్త తరహా వాటికంటే నాకు కీలు తక్కువ, వేలు నేరుగా రంధ్రం మీద ఆనుతుంది. సగం మూసి, పావు తెరిచి, స్వరాన్ని జార్చొచ్చు. న్యూ ఆర్లీన్స్‌లో సిడ్నీ బెషే, జానీ డాడ్స్ లాంటి వాళ్ళు పట్టుకున్నది కూడా ఆల్బర్ట్ పద్ధతి క్లారినెట్లనే. వాళ్ళకి ఆ మూలుగు కోసం, మా పెద్దాయనకి గమకం కోసం, అదే సగం తెరిచిన రంధ్రం. ఆయన చూపుడువేలు మెత్తని చర్మం నా రంధ్రం అంచున అంగుళంలో పదోవంతు జరగడం, అప్పుడు గాలి అటో ఇటో తేల్చుకోలేక వణకడం, ఇప్పటికీ నా కర్రకి జ్ఞాపకం.

బ్లూస్‌కి చట్రం కూడా ఉంది. నాలుగు లెక్కల చొప్పున పన్నెండు గదులు, నలభై ఎనిమిది లెక్కల ఆవర్తనం. షడ్జం దగ్గర బయల్దేరి, మధ్యమానికి వెళ్ళి, వెనక్కొచ్చి, పంచమం మీదుగా ఇల్లు చేరడం. పాడేవాడు ఒక మాట అంటాడు, అదే మాట మళ్ళీ అంటాడు, మూడోసారి దానికి జవాబు చెబుతాడు. చట్రం ఒకటే, లోపల అల్లేది ఎవరి మనోధర్మం వాళ్ళది. మన స్వరకల్పనకి ఇది దగ్గరి చుట్టం. ఒకరు అంటే పదిమంది అందుకోవడమంటారా, మా మిరపకోతల్లో ఒకామె పాట ఎత్తుకుంటే సాలు సాలంతా అందుకోదూ? బుర్రకథలో వంతలు ఊ కొట్టరూ? అమెరికా పత్తి చేలల్లోనూ ఆ పాట అలాగే పుట్టింది.

ఒక్క తేడా మాత్రం ఉంది. మా మేళంలో అందరం ఒకే వరస ఊదుతాం. వాళ్ళ పాత బ్యాండులో కార్నెట్ అసలు వరస చెబుతుంటే, ట్రాంబోన్ కింద జారుతూ ఉంటుంది, క్లారినెట్ పైన తీగలా అల్లుకుంటూ తన సొంత మాట తను చెబుతుంది. మూడూ ఒకేసారి, ఏదీ దేనికీ అడ్డు రాకుండా. అది విన్న రాత్రి నాకు అసూయ పుట్టింది.

కార్నెట్ వాయించిన బడీ బోల్డెన్‌ని వాళ్ళు ఆదిపురుషుడిలా చెప్పుకుంటారు. ఆయన ఊదితే ఊరవతలికి వినపడేదట. 1907లో మతి చెదిరి ఆసుపత్రిలో పెట్టారు, 1931లో అక్కడే పోయాడు. ఆయన ఊదిన రికార్డు ఒక్కటి కూడా మిగల్లేదు. మొదటి జాజ్ రికార్డు 1917 ఫిబ్రవరి 26న న్యూయార్కులో పడింది, వాయించిన ఐదుగురూ తెల్లవాళ్ళు. అందులో క్లారినెట్ చేత కోడికూత కూయించారు. ఆ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. నాకది ఇప్పటికీ బాధే. వీధుల్లో ఇరవై ఏళ్ళు ఆ సంగీతాన్ని పెంచినవాళ్ళ ఊపిరి గాలిలో కలిసిపోయి, కోడికూత ముందుగా లక్క పళ్ళెం మీదికెక్కింది.

తర్వాత వాళ్ళ వంతూ వచ్చింది. పని వెతుక్కుంటూ నల్లవాళ్ళు దక్షిణం విడిచి ఉత్తరపు పట్నాలకి రైలెక్కారు, వాయిద్యాలూ వాళ్ళతోపాటే వెళ్ళాయి. షికాగోలో కింగ్ ఆలివర్ బ్యాండు 1923లో రికార్డులిచ్చింది. క్లారినెట్ జానీ డాడ్స్ది. రెండో కార్నెట్ కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1901లో న్యూ ఆర్లీన్స్ బీదవాడలో పుట్టాడు. పదకొండేళ్ళప్పుడు కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి వీధిలో పిస్తోలు పేల్చాడని పట్టుకెళ్ళి పిల్లల సంస్కరణ గృహంలో వేస్తే, అక్కడి బ్యాండులో కార్నెట్ మీద చెయ్యి తిరిగింది. 1925 నుంచి తన సొంత బృందంతో ఆయన ఇచ్చిన రికార్డులతో జాజ్‌లో ఒక్కడు లేచి నిలబడి తన కథ చెప్పుకోవడం అసలు సంగతయింది. అంతకుముందు గుంపుదే మాట.

మనదాకా ఎలా వచ్చిందో కూడా మాస్టారే విడమరిచాడు. 1935లో లియాన్ అబ్బే నల్లవాళ్ళ బృందంతో బొంబాయి తాజ్ హోటల్‌కి వచ్చాడు. టెడీ వెదర్‌ఫర్డ్ అనే పియానో ఆయన బొంబాయిలోనూ కలకత్తాలోనూ వాయించి, 1945లో కలకత్తాలో కలరాతో పోయాడు. వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్న గోవా వాళ్ళు సినిమా బృందాల్లో చేరారు. చిక్ చాకొలేట్ అనే గోవా ట్రంపెట్ ఆయన 'అల్బేలా' తెర మీద కూడా కనిపిస్తాడు. అక్కడి నుంచి టెంటు సినిమా, టెంటు సినిమా నుంచి మా పెద్దాయన చెవి. పేరు తెలియకముందే నేను జాజ్ ఊదాను.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి విగ్రహాలను రెండేళ్ళకోసారి రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకొస్తారు. ఆ ఊరేగింపులో దారంతా జనం, ధూపం, డప్పులు. అరుగు చదువు మొదలైన కొన్నేళ్ళకి, అలాంటి ఒక ఊరేగింపులో పెద్దాయన భక్తిపాట పల్లవి ముగించి, చరణం ఎత్తుకోలేదు. ఒక్క క్షణం ఖాళీ. పటాలంలో అయితే అది తప్పు. ఆ ఖాళీలో డ్రమ్ము బాబాయి రెండు ఎదురు దెబ్బలు వేశాడు. నాలోంచి ఆ మధ్య గాంధారం జారింది. ట్రంపెట్ తాతయ్య వరసని ఒంటరిగా పట్టుకుని నడిచాడు, నేను పైన అల్లుకున్నాను. పూనకం వచ్చిన ఆడవాళ్ళు ఆ ఎదురు దెబ్బ మీదే అడుగేశారు. ఎవరికీ ఏదీ తేడాగా అనిపించలేదు. తెల్లారి బండిలో ముగ్గురూ దాని గురించి మాట్లాడుకోలేదు గానీ, తాతయ్య తన చుట్ట సగం విరిచి బాబాయికిచ్చాడు.

1990లు దాటాక కీబోర్డులొచ్చాయి, తర్వాత లారీ నిండా స్పీకర్లొచ్చాయి. నా కీల కింది మెత్తలు ఎండి పగిలాయి. పెద్దాయన మనవడు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. దసరాకి నన్ను తీసి, నూనెగుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి మళ్ళీ పెట్టెలో పెడతాడు. మంచి పిల్లాడు. ఊదడం రాదు.

న్యూ ఆర్లీన్స్ గురించి మాస్టారు చెప్పిన వాటిల్లో పెద్దాయన మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నది శవయాత్ర సంగతి. అక్కడ నెలనెలా చందాలు కట్టుకునే సంఘాలుంటాయి. మనిషి పోతే సంఘం బ్యాండు పెడుతుంది. శ్మశానం దాకా నెమ్మదైన శోకగీతం, డ్రమ్ముకి గుడ్డ కట్టి మూగగా కొడతారు. పాతిపెట్టాక ఆ గుడ్డ తీసేస్తారు. తిరుగుదారిలో హుషారు పాటలు. బ్యాండు వెనక ఊరంతా గొడుగులు ఎగరేస్తూ ఆడుతుంది. ఆ జనాన్ని రెండో వరస అంటారు. మనకీ చావు మేళం ఉంది, పండు ముసలి పోతే మరమరాలు, చిల్లర చల్లుతూ సాగనంపుతాం. కానీ తిరుగుదారిలో మనది మౌనం. స్నానం చేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి.

"మంచి మనిషిని పంపించొచ్చి ఊరికే ఎలా నడుస్తామండీ, వాళ్ళదే బాగుంది" అన్నాడు పెద్దాయన ఒకసారి. మాస్టారు నవ్వి రేడియో గొంతు పెంచాడు.

1983 వేసవిలో మాస్టారు పోయాడు. కబురు తెలిసి మొదటి బస్సుకే నందిగామ వెళ్ళాం. డబ్బు మాట లేకుండా మేళం కట్టాం. మునేరు ఒడ్డుదాకా నెమ్మదిగా, పెద్దాయన ఆ మధ్య గాంధారాన్ని ప్రతి ఇంటి ముందూ ఒక్కోసారి నిలిపి నిలిపి ఊదాడు. చితి అంటుకుంది. పెద్దాయన ఇంటిపెద్దల వైపు చూశాడు. నన్ను కొంచెం పైకెత్తాడు. ఒకాయన వద్దన్నట్టు తలాడించాడు. అది వాళ్ళ ఆచారం, కోపం కాదు. పెద్దాయన నా రీడు విప్పి, పంచె కొంగుతో తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

మేళం తిరిగి నడిచింది. ఎండ మండుతోంది, ఇసక కాలుతోంది. నన్ను ఛాతీకి ఆనించి పట్టుకున్న ఆయన వేళ్ళు కదలడం మొదలెట్టాయి. ఊపిరి లేదు, స్వరం లేదు. మెత్తలు రంధ్రాల మీద పడే టప్పుటప్పు చప్పుడు ఒక్కటే, అదీ చెవి దగ్గర పెడితేనే. మాస్టారి రేడియోలో కానోవర్ కార్యక్రమానికి ప్రతి రాత్రీ మొట్టమొదట వచ్చే రైలు పాట అది, పల్లవి నుంచి. కాసేపటికి వెనక నుంచి డ్రమ్ము కొయ్య అంచు మీద ఒక గోరు, రెండో లెక్క మీద, నాలుగో లెక్క మీద.